ప్రశ్నావళిని నమ్మవచ్చా? మనమే పరీక్షించి చూద్దాం

కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టూ ఉన్న తమిళనాడు నల్లరేగడి ఊళ్లలో ఇంటి భాష తెలుగైన కుటుంబాలు చాలా ఉన్నాయి. నాయుళ్లు, రెడ్లు, కంబళత్తు నాయకర్లు, అరుంధతియర్లు తరతరాలుగా అక్కడే ఉంటున్నారు. వాళ్ల పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. విరుదునగర్ జిల్లా పన్నెండో తరగతి ఉత్తీర్ణతలో తరచూ ముందు వరుసలో నిలుస్తుంది కాబట్టి అక్కడ మార్కుల మాట వినపడని ఇల్లు అరుదు.

మీరు మనస్తత్వశాస్త్రం చదువుతున్నారనుకుందాం, లేదా అక్కడి బడిలో టీచరు అనుకుందాం. ఈ పిల్లల్లో పరీక్ష భయం ఎంత ఉందో కొలవాలని మీకు అనిపించింది. హైదరాబాదులోనో విశాఖలోనో తయారైన తెలుగు ప్రశ్నావళి తెచ్చి, జిరాక్సు తీసి, పంచేస్తే పని అయిపోతుందనిపిస్తుంది. అక్కడే ఆగుదాం. ఆ ప్రశ్నావళి ఈ పిల్లల దగ్గర పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరూ చూడలేదు. చూసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఓపిక ఉంటే చాలు, లెక్కలు పదో తరగతి స్థాయి దాటవు.

మనం రెండు ప్రశ్నలకు జవాబు వెతకాలి. మళ్లీ అడిగితే దాదాపు అదే స్కోరు వస్తుందా? దీన్ని విశ్వసనీయత అంటాం. వచ్చిన స్కోరు మనం కొలవాలనుకున్నదాన్నే చెబుతోందా? ఇది సప్రమాణత. కోవిల్‌పట్టి కడలై మిఠాయి (వేరుశనగ చిక్కీ) తూచే త్రాసు కిలో సరుకును ప్రతిసారీ 950 గ్రాములే చూపిస్తే, దానికి విశ్వసనీయత ఉంది, సప్రమాణత లేదు. కొత్తవాళ్లు ఎక్కువగా పడిపోయే గొయ్యి ఇదే. స్కోర్లు నిలకడగా వచ్చాయి కదా అని సంబరపడి, అవి దేని స్కోర్లో చూడటం మరిచిపోతారు.

కావలసినవి

• కాగితం, పెన్ను, ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్ ఉన్న ఒక కంప్యూటర్. ఉచితంగా దొరికే గణాంకాల సాఫ్ట్‌వేర్ జమోవి ఉంటే ఇంకా మంచిది.

• ఆ ఊరి తెలుగు, తమిళం రెండూ ఇంటి భాషల్లా వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు చాలరు. ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.

• పిల్లల చదువు, మనసు తెలిసినవాళ్లు ఐదుగురు నుంచి పదిమంది. టీచర్లు, మనస్తత్వశాస్త్రం అధ్యాపకులు, కౌన్సెలర్లు ఎవరైనా సరే.

• మొదటి విడతకు ముప్పై, నలభై మంది పిల్లలు. తర్వాతి విడతకు వందమందికి తగ్గకుండా.

• అనుమతులు. ప్రధానోపాధ్యాయుడి అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల ఒప్పుకోలు మూడూ తీసుకోవాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల పిల్లలు నోటిమాటగా ఒప్పుకుంటే చాలు. 12 నుంచి 18 ఏళ్ల వాళ్ల ఒప్పుకోలు రాతలో ఉండాలి. తల్లిదండ్రుల సమ్మతి రెండు వయసుల వాళ్లకూ తప్పదు.

• మానసిక సాయం హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిన చీటీ. ప్రశ్నలు అడుగుతుండగా ఏ పిల్లైనా మరీ కుంగిపోయి కనబడితే మన పని ఆపి, ఇంటివాళ్లకు చెప్పి, సాయం దొరికే దారి చూపించాలి. ఆ క్షణంలో ప్రశ్నావళి సంగతి పక్కన పెట్టేయాలి.

పద్ధతి

1. కొలిచేదేమిటో ఒక్క వాక్యంలో రాసుకుందాం

"పరీక్ష భయం" అని రాస్తే సరిపోదు. ఎప్పటి భయం? చదివేటప్పటిదా, హాల్లో కూర్చున్నప్పటిదా, ఫలితాలు వచ్చే ముందుదా? లీబర్ట్, మోరిస్ 1967లోనే పరీక్ష భయాన్ని రెండు పాయలుగా విడదీశారు. ఒకటి తలలో తిరిగే చింత, రెండోది ఒంట్లో కనిపించే గుండెదడ, చెమట లాంటివి. స్పీల్‌బర్గర్ 1980లో తెచ్చిన ఇరవై ప్రశ్నల పరీక్షా వ్యాకులత సూచికలో ఈ రెండూ ఉన్నాయి. మనం ఇలా రాసుకుందాం: "పరీక్షకు ముందు, పరీక్ష రాస్తున్నప్పుడు పిల్లలకు కలిగే చింత, ఒంటి ఇబ్బంది." ఇక ఏ ప్రశ్న రాసినా ఈ వాక్యం పక్కన పెట్టి చూద్దాం. "మా నాన్న మార్కుల గురించి తిడతాడు" అనేది ఈ వాక్యంలో ఇమడదు. అది ఇంటి వాతావరణం గురించిన ప్రశ్న, మరో ప్రశ్నావళిలోకి వెళ్లాలి.

2. ఇరవై వాక్యాలు రాద్దాం, పది మిగుల్చుకుందాం

రెన్సిస్ లికర్ట్ 1932లో చూపిన దారిలోనే వెళ్దాం. ఒక వాక్యం, పక్కన నాలుగు జవాబులు: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎప్పుడూ. వీటికి 1 నుంచి 4 మార్కులు. పది వాక్యాలకు కనిష్ఠం 10, గరిష్ఠం 40.

ఒక వాక్యంలో ఒక్క సంగతే ఉండాలి. "పరీక్ష ముందు రోజు నిద్ర పట్టదు, అన్నం సయించదు" అని రాస్తే, నిద్ర పట్టక అన్నం మాత్రం తినే పిల్లవాడు ఏ గడిలో టిక్కు పెట్టాలి? రెండు మూడు వాక్యాలు తిరగేసి రాద్దాం: "పరీక్ష హాల్లో నేను నెమ్మదిగా, ధైర్యంగా ఉంటాను." అన్నింటికీ ఒకే గడిలో టిక్కు పెట్టుకుంటూ పోయే పిల్లలు వీటి దగ్గర బయటపడతారు. ఈ వాక్యాలకు మార్కులు తిప్పాలి. వచ్చిన మార్కును 5 నుంచి తీసేస్తే సరి. 4 అయితే 1, 3 అయితే 2.

3. ఆ ఊరి తెలుగులోకి తెద్దాం

ఇక్కడ తొందరపడకండి. మొత్తం పని నిలబడేదీ కూలేదీ ఈ మెట్టు మీదే.

2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఆ పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరాలు చదవరు. అందుకే కాగితం చేతికివ్వకుండా మనమే చదివి వినిపిద్దాం. అడిగేవాళ్లకు తెలుగు లిపి రాకపోతే అదే తెలుగు వాక్యాన్ని తమిళ లిపిలో రాసిద్దాం.

మాటలను కూడా ఊరి చెవితో వినాలి. "పరీక్షప్పుడు నీకు ఎవరి సాయమైనా అవసరం అనిపిస్తుందా?" అనేది మనకు తేట తెలుగు. కానీ తమిళంలో "అవసరం" అన్న మాటకు తొందర అని అర్థం. రోజంతా తమిళం వినే పిల్లవాడు దాన్ని తొందరగానే పట్టుకోవచ్చు. అప్పుడు మనం సాయం గురించి అడుగుతాం, వాడు కంగారు గురించి చెబుతాడు, స్కోరు మాత్రం చక్కగా వస్తుంది. "ఆందోళన", "ఒత్తిడి" లాంటి పుస్తకపు మాటలు తీసేసి "భయం", "టెన్షన్" పెడదాం. ఆ ఇళ్లలో పరీక్షను పరిట్చై అంటే మనమూ అలాగే అందాం. శుద్ధ తెలుగు కోసం పట్టుబట్టే చోటు ఇది కాదు.

ఇప్పుడు రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో వివరించిన తిరుగు అనువాదం చేద్దాం. ఇద్దరు మనుషులు కావాలన్నది ఇందుకే. మొదటి మనిషి మన వాక్యాన్ని ఊరి తెలుగులో చెబుతారు. అసలు వాక్యం చూడని రెండో మనిషి దాన్ని తిరిగి మామూలు తెలుగులోకి తెస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడా ఉన్నచోట మళ్లీ రాయాలి.

ఆ తర్వాత నలుగురైదుగురు పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టి ఒక్కో వాక్యం చదివి, "దీన్ని నీ మాటల్లో చెప్పు" అని అడుగుదాం. అప్పుడు నోరు మూసుకుని వినాలి, సరిదిద్దకూడదు. పిల్ల చెప్పింది మనం అనుకున్నదానికి దూరంగా ఉంటే తప్పు వాక్యానిదే.

ఇక్కడి వాడుకను కాగితం మీదికి ఎక్కించినవాళ్లు లేకపోలేదు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ ఈ కరిసల్ (నల్లరేగడి) నేల వాడుక మాటలకు నిఘంటువు కూర్చారు. అది తమిళ నిఘంటువే అయినా, ఇక్కడి మనుషుల మాట తీరు పట్టుకోవడానికి మంచి ఆసరా.

4. తెలిసినవాళ్లకు చూపిద్దాం

దీన్ని విషయ సప్రమాణత అంటారు. నిపుణులకు వాక్యాలు, మొదటి మెట్టులో రాసుకున్న నిర్వచనం ఇచ్చి, ప్రతి వాక్యం పక్కన "తప్పక ఉండాలి", "ఉంటే మంచిది", "అక్కరలేదు" అని గుర్తు పెట్టమందాం. లాషే 1975లో ఇచ్చిన లెక్క సులువు. "తప్పక ఉండాలి" అన్నవాళ్ల సంఖ్యలోంచి మొత్తం నిపుణుల్లో సగాన్ని తీసేసి, వచ్చినదాన్ని ఆ సగంతోనే భాగించాలి. పదిమందిలో 8 మంది ఒప్పుకుంటే 8 నుంచి 5 తీసేస్తే 3, దాన్ని 5తో భాగిస్తే 0.60. పదిమంది ఉన్నప్పుడు లాషే పట్టిక అడిగేది 0.62, అంటే ఎనిమిదిమంది ఒప్పుకున్నా వాక్యం వెంట్రుకవాసిలో ఆగిపోతుంది. ఐదుగురే ఉంటే అయిదుగురూ ఒప్పుకోవాల్సిందే.

5. అడిగేవాళ్లను కూడా పరీక్షిద్దాం

నోటితో అడిగేటప్పుడు అడిగే మనిషి కూడా కొలబద్దలో భాగమే. ఒకరు నవ్వుతూ అడుగుతారు, ఇంకొకరు హెడ్‌మాస్టరులా అడుగుతారు. అందుకని చివర్లో ఒక తెరిచిన ప్రశ్న పెడదాం: "పరీక్ష ముందు రోజు నీకెలా ఉంటుంది?" జవాబు విని ఇద్దరు విడివిడిగా "భయం ఉంది", "లేదు" అని రాయాలి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు.

నలభైమంది పిల్లల్లో ఇద్దరూ "ఉంది" అన్నది 24 మందికి, ఇద్దరూ "లేదు" అన్నది 8 మందికి, మిగతా 8 మంది దగ్గర మాట కలవలేదనుకుందాం. నూటికి ఎనభై కలిసింది, బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇద్దరూ నూటికి డెబ్బైమందికి "ఉంది" అని రాసే అలవాటున్నవాళ్లయితే, పిల్లల వైపు చూడకుండా రాసినా 0.58 దాకా వాటంతటవే కలుస్తాయి. జేకబ్ కోహెన్ 1960లో చెప్పిన కప్పా ఈ కాకతాళీయాన్ని తీసేస్తుంది. 0.80 నుంచి 0.58 తీసేస్తే 0.22, దాన్ని 0.42తో భాగిస్తే 0.52. ఎనభై శాతం కాస్తా ఓ మోస్తరు పొత్తుగా తేలింది. ఇద్దరినీ కూర్చోబెట్టి, మాట కలవని జవాబులు చర్చించి, మళ్లీ చేద్దాం.

6. వాక్యాలు ఒక్క గొంతుతో మాట్లాడుతున్నాయా?

దీనికి లీ క్రోన్‌బాక్ 1951లో ప్రచారంలోకి తెచ్చిన ఆల్ఫా వాడదాం. షీట్‌లో ఒక్కో పిల్లకు ఒక అడ్డ వరుస, ఒక్కో వాక్యానికి ఒక నిలువు వరుస. తిరగేసిన వాక్యాల మార్కులు ముందే తిప్పేయాలి. ఇది మరిచిపోతే ఆల్ఫా ఘోరంగా పడిపోతుంది, ఒక్కోసారి సున్నా కిందికి కూడా వెళ్తుంది.

పది వాక్యాల విస్తృతులు (వేరియన్స్‌లు) కలిపితే 9, మొత్తం స్కోర్ల విస్తృతి 36 అనుకుందాం. 9ని 36తో భాగిస్తే 0.25. దాన్ని 1 నుంచి తీసేస్తే 0.75. 10/9తో గుణిస్తే 0.83. పరిశోధన మొదటి దశలో 0.70 చాలని, ఒక మనిషి గురించి నిర్ణయం తీసుకోవాలంటే కనీసం 0.90 కావాలని నన్నలీ 1978లో రాశాడు. మన 0.83తో గుంపుల గురించి మాట్లాడవచ్చు, ఒక్కో పిల్ల గురించి తీర్పు చెప్పకూడదు.

ఆల్ఫా 0.95 దాటితే మురిసిపోకండి. ఒకే మాటను పదిసార్లు తిప్పి అడిగారేమో చూసుకోండి.

7. రెండు వారాలాగి మళ్లీ అడుగుదాం

ఇది పునఃపరీక్ష పద్ధతి. మరీ త్వరగా అడిగితే పాత జవాబులు గుర్తుపెట్టుకుని చెబుతారు, మరీ ఆలస్యం చేస్తే పిల్లలే మారిపోతారు. మధ్యలో త్రైమాసికమో అర్ధ సంవత్సర పరీక్షో, పొంగల్ సెలవులో పడకుండా తేదీలు చూసుకోవాలి. పరీక్ష మధ్యలో పడితే భయం నిజంగానే మారుతుంది, నింద ప్రశ్నావళి మీద పడుతుంది.

ఐదుగురు పిల్లలతో లెక్క చేతితో చేద్దాం. మొదటిసారి స్కోర్లు 12, 18, 22, 27, 31. రెండోసారి 14, 17, 23, 26, 30. రెండింటి సగటూ 22. సగటు నుంచి తేడాలు మొదటిసారి –10, –4, 0, 5, 9. రెండోసారి –8, –5, 1, 4, 8. జతలు గుణించి కలిపితే 192. మొదటి తేడాల వర్గాల మొత్తం 222, రెండోవాటిది 170. ఈ రెండింటి లబ్ధానికి వర్గమూలం దాదాపు 194.3. 192ను దానితో భాగిస్తే 0.99. ఇదే సహసంబంధం. షీట్‌లో కోరెల్ ఫంక్షన్ ఇదే పని ఒక్క క్షణంలో చేస్తుంది, కానీ ఒక్కసారైనా చేతితో చేయండి.

ఇప్పుడు రెండోసారి స్కోర్లకు తలా 5 కలిపి మళ్లీ చేయండి. సహసంబంధం అదే 0.99! పిల్లలందరి భయం ఒక్కసారిగా 5 పెరిగినా ఆ అంకెకు తెలియదు. అందుకే సహసంబంధం పక్కన రెండు సగటులూ తప్పక రాయాలి.

8. ఒక్కో స్కోరు చుట్టూ ఎంత జాగా వదలాలి?

విస్తృతి 36 అంటే ప్రామాణిక విచలనం 6. 1 నుంచి 0.83 తీసేసి, వర్గమూలం తీసి, 6తో గుణిస్తే దాదాపు 2.5. ఇది కొలత ప్రామాణిక దోషం. అటూ ఇటూ దీనికి రెండింతలు వదిలితే, 24 వచ్చిన పిల్ల అసలు స్కోరు సుమారు 19 నుంచి 29 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 24 వచ్చిన పిల్లకు 22 వచ్చిన పిల్లకంటే భయం ఎక్కువని చెప్పే హక్కు మనకు లేదు.

9. అసలు సంగతినే కొలిచామా?

విశ్వసనీయత తేలింది. సప్రమాణత ఒక్క అంకెలో తేలదు. క్రోన్‌బాక్, మీల్ 1955లో నిర్మాణ సప్రమాణత గురించి రాసినప్పటి నుంచి దీన్ని ఆధారాలు పోగుచేసే పనిగా చూస్తున్నారు. మనం మూడు పోగుచేద్దాం.

మొదటిది, దగ్గరి కొలతతో పోలిక. అనుమతి తీసుకుని, ఇప్పటికే పరీక్షించిన పరీక్ష భయం ప్రశ్నావళి తమిళ రూపం దొరికితే అదే పిల్లలకు ఇద్దాం. స్కోర్లు కలిసి పెరగాలి. రెండోది, దూరపు కొలత. చేతిరాత మార్కులతోనో పరుగు వేగంతోనో మన స్కోరుకు సంబంధం ఉండకూడదు. దగ్గరివి కలవాలి, దూరపువి విడిపోవాలి అన్న ఈ జంట నియమం క్యాంప్‌బెల్, ఫిస్క్ 1959లో చెప్పింది. మూడోది, బయటి సాక్ష్యం. స్కోర్లు చూడని టీచరును, హాల్లో ఎవరెవరు కంగారుపడతారో చెప్పమందాం. టీచరుకు స్కోర్లు ముందే తెలిస్తే ఆ సాక్ష్యం చెల్లదు.

ఇంకో పరీక్ష కూడా చేయాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల స్కోర్లు, తమిళం మాట్లాడే పిల్లల స్కోర్లు వాక్యం వారీగా పోల్చి చూద్దాం. మొత్తం స్కోరు ఒకటే అయిన పిల్లల్లో ఒక్క వాక్యం దగ్గర మాత్రం తెలుగు పిల్లలు వేరే జవాబిస్తుంటే, ఆ వాక్యం భయాన్ని వదిలేసి భాషను కొలుస్తోందేమోనని అనుమానించాలి.

మన దేశంలో ఈ జాగ్రత్త కొత్తది కాదు. సి.ఎం. భాటియా 1955లో తెచ్చిన తెలివితేటల పరీక్షా సముదాయంలో చదువు రాని పిల్లలకోసం దిమ్మెలు, బొమ్మలు లాంటి చేతిపనులు పెట్టాడు. తక్షణ స్మృతి భాగంలో చదువుకున్నవాళ్లకు అంకెలు, చదువు లేనివాళ్లకు ధ్వనులు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 2013లో 648 మంది డిమెన్షియా రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో వ్యాధి సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువు రానివాళ్లలోనూ ఆ తేడా ఉందని చెప్పింది. చదువుకున్నవాళ్లకోసమే చేసిన జ్ఞాపకశక్తి పరీక్ష అందరికీ పెట్టి ఉంటే, బడి మొహం చూడని మనిషి తక్కువ స్కోరు జబ్బు వల్లనో, అక్షరం రాకపోవడం వల్లనో ఎవరికి తెలిసేది?

10. ఎవరి దగ్గర చూశామో రాసిపెడదాం

ఎంతమంది పిల్లలు, ఏ తరగతి, ఏ ఊళ్లు, ఎవరు అడిగారు, ఏ నెల, ఎన్ని రోజుల ఎడం. ఒక్క పేజీ చాలు. ఆ పేజీ లేని ప్రశ్నావళి తర్వాతివాళ్లకు పనికిరాదు.

తరచూ జరిగే పొరపాట్లు

• "ఈ పరీక్షకు సప్రమాణత ఉంది" అని గుండుగుత్తగా రాయడం. ఏ పిల్లల దగ్గర, ఏ పనికి అన్నది చెప్పకపోతే ఆ వాక్యానికి అర్థం లేదు. గుంటూరులో తేలినది కోవిల్‌పట్టిలో మళ్లీ తేల్చాలి.

• చూడగానే బాగుందని నమ్మేయడం. ముఖ సప్రమాణత పిల్లల సహకారానికి మంచిది, రుజువుగా చాలదు.

• ఆల్ఫా తక్కువొచ్చిందని వాక్యాలు ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోవడం. చివరికి అంకె పెరుగుతుంది, మొదటి మెట్టులో రాసుకున్న నిర్వచనంలో సగం మాయమవుతుంది. ఒంటి ఇబ్బంది వాక్యాలన్నీ పోయి చింత ఒక్కటే మిగలడం నేను చాలా ప్రాజెక్టుల్లో చూశాను.

• పిల్లలందరినీ ఒకే ర్యాంకు సెక్షన్ నుంచే తీసుకోవడం. స్కోర్లన్నీ దగ్గరదగ్గరగా ఉంటే సహసంబంధం దానంతటదే పడిపోతుంది.

• తల్లి పక్కన ఉండగా అడగడం. పిల్లవాడు తల్లికి నచ్చే జవాబే చెబుతాడు.

• విశ్వసనీయత తేలకముందే సప్రమాణత వెతకడం. విశ్వసనీయత 0.49 మాత్రమే ఉన్న స్కోరు, బయటి సాక్ష్యం ఎంత మంచిదైనా, దానితో 0.70కి మించి కలవలేదు.

• ప్రాజెక్టు కోసం చేసిన ప్రశ్నావళిని వైద్యానికి వాడటం. దయచేసి ఇది చేయకండి. వందమంది దగ్గర చూసిన పది వాక్యాలతో ఏ పిల్లకూ, ఏ ఇంటికీ "మీ బిడ్డకు భయం జబ్బు" అని చెప్పకూడదు. అనుమానం వస్తే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు పంపండి, స్కోరు కాగితం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.